రెండడుగుల మట్టి కింద మామిడి మొదలు: ఒక పెరటి చెట్టు కేసు

ఈ కేసులో నేను ఏడాది పాటు తప్పు చోట వెతికాను. రాయడానికి ముఖ్య కారణం అదే. చెట్టు బతికింది. కానీ ఆ ఏడాది చేజారకుండా ఉంటే ఉత్తరం వైపు పెద్ద కొమ్మ కూడా దక్కేది. హైదరాబాద్ పాత కాలనీల్లో ఇదే బాధతో ఉన్న చెట్లు ఎన్నో ఉన్నాయి. వాటిని చూసే తోటమాలులకు, అవి ఉన్న ఇళ్లవారికి ఈ వివరాలు పనికొస్తాయని నా నమ్మకం. ఇంటివారి అనుమతి తీసుకున్నాను. వారి పేరు, కాలనీ పేరు, ఇంటిని గుర్తుపట్టే ఆనవాళ్లు వదిలేశాను.

నేపథ్యం

నేను కడియం నర్సరీల్లో అంట్లు కట్టడం నేర్చుకుని, తరువాత హైదరాబాద్ వచ్చి ఇళ్ల తోటలు చూసుకోవడం వృత్తిగా పెట్టుకున్నాను. ఇరవై ఏళ్లు దాటాయి. ఎక్కువగా కుండీలు, లాన్లు, పూలమొక్కలు, కంచె మొక్కల కత్తిరింపు. పెద్ద చెట్లు చూసే పని తక్కువే వస్తుంది.

ఈ ఇల్లు 1980ల మధ్యలో కట్టినది. ఆరు వందల గజాల స్థలం. వెనక పెరట్లో ఒకే ఒక్క మామిడి, బంగినపల్లి అంటు. ఇల్లు కట్టిన ఏడాదే ఇంటి పెద్దాయన నాటారు. ఆయన ఇప్పుడు లేరు. ఆయన భార్యకు డెబ్బై దాటాయి. నేను ఆమెను అమ్మగారు అని పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను. కొడుకు, కోడలు, మనవలు ఆమెతోనే ఉంటారు. చెట్టు ముప్పై అడుగుల ఎత్తు, కొమ్మలు నలువైపులా పదహారు అడుగుల దాకా పరచుకున్నాయి. మంచి కాపు ఏడాది వీధిలో సగం ఇళ్లకు ఆ చెట్టు కాయలే వెళ్లేవట.

ఆ ప్రాంతంలో సహజంగా ఉన్నది ఎర్ర చెలక నేల, కింద మొరం. నీరు నిలవదు, వేరు హాయిగా పారుతుంది. మామిడికి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

మన నగరంలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత పొర మీదే కొత్త పొర పోస్తూ వచ్చారు. ఒకప్పుడు రోడ్డుకంటే ఎత్తున ఉన్న వాకిళ్లు ముప్పై ఏళ్లకు రోడ్డుకంటే దిగువకు పడిపోయాయి. 2020 అక్టోబరు వరదలో ఈ ఇంటి పెరట్లో నడుము లోతు నీళ్లు నిలిచి, చివరి మెట్టు దాకా వచ్చాయి. భయపడిన ఇంటివారు మరుసటి ఏడాది మొదట్లో పెరడంతా రెండడుగులు ఎత్తు చేయించారు. అడుగున పాత ప్రహరీ కూల్చిన ఇటుక, సిమెంటు ముక్కలు. దాని పైన ట్రాక్టర్లతో తెచ్చిన చెరువు నల్లమట్టి. ఆ పైన రోలరు తిప్పి లాన్ పరిచారు. లాన్‌కు రోజూ నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు పెట్టారు.

పై పేరాలో ఈ ఇంటి గురించి చెప్పినది ఒక్క ముక్క కూడా మొదటి రోజు నాకు తెలియదు. వారు చెప్పలేదు, నేను అడగలేదు. నేను వెళ్లేసరికి లాన్‌కు రెండేళ్లు. అందంగా, పచ్చగా, ఎప్పటి నుంచో అలాగే ఉన్నట్టు కనిపించింది.

నన్ను పిలిచిన కారణం

2023 జూన్‌లో, మృగశిర కార్తె ప్రవేశించిన వారంలో కొడుకు ఫోను చేశారు. చెట్టు ఎండిపోతోంది, ఏదో తెగులు పట్టింది, మందు కొట్టాలి అన్నారు. నేను చూసినవి ఇవి. కొమ్మల చివర్లు జానెడు నుంచి మూరెడు దాకా ఎండి ఉన్నాయి. ఉత్తరం వైపు ఎక్కువగా, దక్షిణం వైపు తక్కువగా. ఆకులు మామూలు కంటే చిన్నవి. ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా ఉన్నాయి. అంచులు మాడి ఉన్నాయి. కాండం మీద మూడు చోట్ల బంక కారి గట్టిపడింది. ఒక చోట రంధ్రం, దాని కింద రంపపు పొట్టు లాంటి పొడి.

కాపు సంగతి అడిగితే, 2022లో ఎన్నడూ లేనంత పూత వచ్చిందని, ఆకు కనిపించనంతగా పూసిందని, కాయ చిన్నదైనా విపరీతంగా కాసిందని చెప్పారు. 2023లో పిందెలు నిమ్మకాయంత కాకముందే రాలిపోయాయి. బరువైన కాపు కాసి అలసిపోయిందేమో అనుకున్నాను. వేరు దెబ్బతిన్న చెట్టు ఒక్కోసారి పడిపోయే ముందు అలా విరగబూస్తుంది. ఆ మాట నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజు తట్టలేదు.

మొదటి ఏడాది: చేసినవి, ఫలించనివి

రంధ్రం కళ్లకు కనిపించింది కాబట్టి కాండం తొలిచే పురుగుతో మొదలుపెట్టాను. కొక్కెం తిప్పిన తీగ లోపలికి పోనిచ్చి లాగితే బొటనవేలంత తెల్లటి పురుగు వచ్చింది. రంధ్రంలో మందులో ముంచిన దూది పెట్టి, బంకమట్టితో మూశాను. ఇంటిల్లిపాదీ ఆ పురుగును చూశారు. శత్రువు దొరికాడన్న భావం అందరిలోనూ కలిగింది, నాలో కూడా. ఈ కేసులో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పక్కదారి పట్టించింది ఆ పురుగే. అది నిజమైన పురుగే, తీయవలసిందే. కానీ నీరసించిన చెట్టుకే ఇలాంటి పురుగులు తేలికగా పడతాయి. చెట్టు ముందే ఎందుకు నీరసించింది అన్న ప్రశ్న ఆ పురుగుతో పాటే బయటికి పోయింది.

బంక కారుతున్న చోట్ల బెరడు గీకి, తెగులును ఆపే బోర్డో పేస్టు పూశాను. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. శుభ్రమైన కత్తి ముంచి చూసి, కత్తికి రాగి రంగు పట్టలేదని నిర్ధారించుకునే పూశాను. పూసిన చోట్ల బంక ఆగింది. రెండు నెలల తరువాత వేరే చోట, ఇంకా కిందుగా మొదలైంది. కిందికి దిగుతోందంటే జబ్బు మూలం కిందే ఉందని అనుమానించాల్సింది. నేను పేస్టు మరో డబ్బా కలిపాను.

జులై నెలాఖరులో ఎండిన కొమ్మలతో పాటు పచ్చి కొమ్మలు కూడా బాగా తగ్గించాను. వేరు మీద భారం తగ్గుతుంది, కొత్త చిగురు వస్తుంది అన్నది నా తర్కం. ఈ తర్కం మా వృత్తిలో చాలామందికి ఉంది, అందుకే దీని గురించి కాస్త వివరంగా రాస్తాను. వేరుకు తిండి పెట్టేది ఆకు. దెబ్బతిన్న వేరు మళ్లీ పుట్టాలంటే ఆకులో తయారైన చక్కెరే దిగిరావాలి. వేరు చచ్చిపోతున్న చెట్టుకు పచ్చి ఆకు తీసేయడమంటే, అప్పటికే ఆకలితో ఉన్నవాడి ముందున్న కంచం లాగేసుకోవడమే. కత్తిరించిన చోట చిగురు వచ్చిన మాట నిజమే. ఆ చిగురు చెట్టు దాచుకున్న నిల్వలోంచి వచ్చింది. పైగా నీడ పోయి లోపలి కొమ్మల బెరడు ఎండకు పగిలింది. ఉత్తరం కొమ్మ చివరికి పోవడానికి నా కత్తిరింపు కూడా ఒక కారణమని నా నిర్ధారణ.

సెప్టెంబరులో ఎరువులు. బాగా చివికిన పశువుల ఎరువు, వేపపిండి, కొంచెం యూరియా. ఆకుల పసుపు చూసి ఇనుము, జింకు నీళ్లలో కలిపి ఆకుల మీద పిచికారీ చేశాను. మూడు వారాల్లో ఆకులు పచ్చబడ్డాయి. ఆ ఫోటోలు ఇంకా నా ఫోనులో ఉన్నాయి. కొత్తగా వచ్చిన ఆకు మళ్లీ పసుపే. ఆకు మీద కొడితే పచ్చబడుతోంది, నేలలోంచి మాత్రం తీసుకోలేకపోతోంది. ఈ ఒక్క విషయమే సమస్య నేలలో ఉందని చెప్పడానికి సరిపోయేది.

వెనక్కి తిరిగి చూస్తే ప్రతి ప్రయత్నమూ కొద్దిగా పనిచేసినట్టు కనిపించింది. పూర్తిగా విఫలమై ఉంటే ముందే ఆగి ఆలోచించేవాణ్ణి.

ఆ చలికాలంలో పూత రాలేదు. తెలిసిన రైతు ఒకరు పాక్లోబ్యూట్రజోల్ పోయించమని కొడుకుకు సలహా ఇచ్చారు. మామిడి తోటల్లో పూత కోసం చెట్టు మొదలు దగ్గర నేలలో పోసే మందు అది. నేను ఒప్పుకోలేదు. ఆ మందు ఎదుగుదలను అణచి చెట్టు శక్తిని పూతవైపు మళ్లిస్తుంది. ఆరోగ్యంగా, గుబురుగా ఉన్న చెట్టుకు అది ఇవ్వవచ్చు. చిగురే వేయలేకపోతున్న చెట్టుకు ఎదుగుదల అణిచే మందు పోస్తే కోలుకునే దారి మూసినట్టే. పైగా ఆ మందు నేలలో చాలాకాలం నిలుస్తుంది. ఆ ఏడాది నేను తీసుకున్న నిర్ణయాల్లో నిస్సందేహంగా సరైనది ఇదొక్కటే.

2024 ఏప్రిల్‌లో వచ్చిన కొద్దిపాటి చిగురు ఎండకు మాడిపోయింది. తడి నేలలో ఉన్న చెట్టు నీళ్లు లేనట్టు వాడుతోంది. చివరికి జూన్‌లో కొడుకు మెల్లగా అడిగారు: "అన్నా, కొట్టించేయడం మంచిదా?" నాకు జవాబు లేదు. పది రోజులు గడువు అడిగాను.

బండ

ఆ పది రోజుల్లో ఒక ఉదయం ఏ పనీ పెట్టుకోకుండా వెళ్లి చెట్టు కింద కూర్చున్నాను. అమ్మగారు కాఫీ తెచ్చి ఇచ్చి, పక్కనే కుర్చీ వేసుకున్నారు. ఆవకాయ రోజుల సంగతి చెబుతున్నారు.

"అదిగో, ఆ పైపు పక్కన గడ్డిలో నల్లగా కనిపిస్తున్నదే, అది మా బట్టలుతికే బండ. దాని మీద కూర్చునే ఏటా ముక్కలు కొట్టేదాన్ని."

"దాని మీద కూర్చోవడమా అమ్మగారూ? అది నేలకు సమంగా ఉంది కదా."

"ఇప్పుడు అలా ఉంది బాబూ. అప్పుడు నా మోకాళ్ల దాకా ఉండేది. వరద వచ్చాక మట్టి పోయించాం కదా."

లేచి చెట్టు మొదలు దగ్గరికి వెళ్లాను. ఏడాదిగా వారం వారం చూస్తున్న మొదలే. అది నేలలోకి కరెంటు స్తంభంలా తిన్నగా దిగిపోయి ఉంది. నలభై ఏళ్లకు దగ్గరపడిన మామిడి మొదలు అలా ఉండదు. నేలను తాకే చోట వెడల్పై, ఏనుగు పాదంలా విప్పారి, పెద్ద వేర్లు పైకి ఉబ్బి నలువైపులా పారుతుంటాయి. ఇంకొకటి: ఇది అంటు చెట్టు. అంటు కలిసిన చోట బెరడు తీరు మారుతుంది, ఎంత వయసొచ్చినా ఆ గుర్తు చూసే కంటికి తెలుస్తుంది. కడియంలో వేల అంట్లు కట్టిన నాకు, ఈ చెట్టుకు అంటు గుర్తు ఎక్కడుందని ఒక్కసారీ సందేహం రాలేదు. అది మట్టి కింద ఉంది.

చెట్టు మొదలులో ఒక పక్క బొరిగెతో తవ్వాను. ఆరంగుళాల లోతున బెరడు నల్లబడి, వేలితో నొక్కితే లోపలికి పోయింది. అడుగు లోతున సున్నం, జాజు పట్టీ ఆనవాలు దొరికింది. పండగలకు చెట్ల మొదళ్లకు తెల్లగా సున్నం వేసి, పైన ఎర్ర జాజు గీత గీస్తారు కదా, ఆ ఎర్ర గీత వెలిసిపోయి మట్టికి అంటుకుని ఉంది. ఇంకాస్త కిందికి పోయేసరికి మురిగిన గుడ్డు వాసన. మట్టి బూడిద రంగు తిరిగింది. గాలి అందని తడి మట్టికి ఉండే వాసన, రంగు అవి. రెండడుగుల దగ్గర అసలు ఎర్ర నేల తగిలింది. ఆ ఎర్ర నేలలోని పీచు వేర్లు చేతిలోకి తీసుకుని లాగితే, పై పొర తొడుగులా ఊడి వచ్చి లోపల దారంలాంటి నార మాత్రం మిగిలింది. చచ్చిపోయిన వేర్లు.

కానీ పోసిన నల్లమట్టిలో, పైనుంచి ఎనిమిది అంగుళాల లోపు, కొత్త వేర్లు ఉన్నాయి. మూడేళ్లలో చెట్టు తన కాండంలోంచే పుట్టించుకున్నవి. కొన్ని బొటనవేలు లావు. వాటిలో మూడు కాండాన్ని చుట్టుకుని ఉన్నాయి. తరువాతి నిర్ణయాలన్నీ ఈ వేర్ల చుట్టూ తిరిగాయి.

నిర్ధారణ చేసుకోవడానికి మరో రెండు పనులు చేశాను. లాన్‌లో అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపి, అవి ఇంకాక మళ్లీ నింపాను. మరుసటి ఉదయానికి కూడా నాలుగు వేళ్ల లోతు నీళ్లు మిగిలే ఉన్నాయి. పోసిన మట్టి, అడుగు ఎర్ర మట్టి విడివిడిగా పరీక్షకు ఇచ్చాం. మట్టి క్షారగుణాన్ని చెప్పే ఉదజని సూచిక (పీహెచ్) పోసిన మట్టికి 8.4, ఎర్ర నేలకు 6.9. సిమెంటు శిథిలాల సున్నం నేలలోని ఇనుమును వేరుకు అందకుండా కట్టేసింది. ఆకుల పసుపుకు కారణం అదే.

మామిడి తిండి, నీరు తెచ్చుకునే పీచు వేర్లలో ఎక్కువ భాగం పైనున్న రెండడుగుల నేలలోనే ఉంటుంది. ఆ వేర్లు కూడా ఊపిరి పీల్చుకోవాలి. వాటి మీద రెండడుగుల బంకమట్టి రోలరుతో అణచి, రోజూ నీళ్లు చిమ్మితే గాలి దారులన్నీ మూసుకుపోతాయి. పెద్ద చెట్టుకు నిల్వలుంటాయి కాబట్టి వెంటనే పడిపోదు. రెండు మూడేళ్లు నెట్టుకొస్తుంది. అప్పటికి మట్టి పోసిన సంగతి అందరూ మరిచిపోతారు.

ఎంత తీయాలి, ఎప్పుడు తీయాలి

కారణం తెలిశాక మట్టంతా ఒక్కసారిగా తీసేయాలనిపించింది. రెండు కారణాల వల్ల ఆగాను. కింది వేర్లు చాలావరకు పోయాయి. ఇప్పుడు చెట్టు బతుకుతున్నది పోసిన మట్టిలో వేసుకున్న కొత్త వేర్ల మీదే. ఆ మట్టి మొత్తం తీస్తే నేనే దాన్ని చంపినవాణ్ణవుతాను. రెండోది కాలం. అది జూన్ చివర. వానలో తడిసిన నల్లమట్టిని తవ్వితే కాళ్ల కింద ఇంకా అణిగిపోతుంది. నవంబరు దాకా ఏమీ చేయకుండా ఉంటే కాండం కుళ్లు చుట్టూ పాకిపోతుంది.

అందుకే రెండు విడతలు అనుకున్నాం. స్ప్రింక్లర్లు ఆ రోజే ఆపించాను. జులైలో వాన తెరిపి ఇచ్చిన నాలుగు రోజుల్లో కాండం చుట్టూ రెండడుగుల మేర మాత్రమే తవ్వాం. పలుగు, పార దగ్గరికి రానివ్వలేదు. బొరిగె, చేతి వేళ్లు, చెక్కిన వెదురు పుల్లలు, వాటితోనే. నేనూ మరో ఇద్దరు పనివాళ్లూ వంతులవారీగా బోర్లా పడుకుని తీశాం. బాగున్న ప్రతి కొత్త వేరుకూ పసుపు గుడ్డ పీలిక కట్టాను, ఎవరి చేతా తెగకూడదని.

మొదలు మొత్తం బయటపడ్డాక కత్తి మొనతో చుట్టూ గీకి చూశాను. గీస్తే లోపల తేమగా, లేత రంగులో ఉంటే బతికి ఉన్నట్టు. గోధుమ రంగులో పొడిగా ఉంటే పోయినట్టు. చుట్టుకొలతలో మూడో వంతు పోయింది, అదంతా ఉత్తరం వైపే. సగం దాటి ఉంటే చెట్టు మీద ఆశ పెట్టవద్దని ఇంటివారికి ముందే చెప్పి ఉంచాను. చచ్చిన బెరడు తీసి, బోర్డో పేస్టు ఒక్కసారి పూసి, గాలికి వదిలేశాను.

కాండాన్ని చుట్టుకున్న మూడు వేర్లలో సన్నది ఒకటి అప్పుడే కోశాను. మిగతా రెండు చెట్టును బిగిస్తున్నవే, పోషిస్తున్నవి కూడా అవే. వాటి పని అందుకునే వేర్లు కింద పుట్టేదాకా కోయకూడదని వదిలాను.

కొడుకు అభ్యంతరం ఇక్కడే వచ్చింది. "అన్నా, ఎత్తు చేయడానికే అంత ఖర్చు పెట్టాం. గుంత చేస్తే వాననీళ్లన్నీ అందులోకే వస్తాయి కదా?" న్యాయమైన ప్రశ్న. పెరడంతా పాత మట్టానికి దించడం ఆ ఇంటికి సాధ్యం కాదు. వరద భయం నిజమైనదే. చెట్టు కోసం ఇంటివారి భయాన్ని తోసిపుచ్చే హక్కు నాకు లేదు. ఒక తాపీ మేస్త్రీని పిలిపించి ముగ్గురం కూర్చుని దారి వెతికాం.

నవంబరులో రెండో విడత. కాండం నుంచి ఆరడుగుల మేర గుండ్రంగా పాత నేల మట్టానికి దించాం. రెండు ట్రాక్టర్ల మట్టి బయటికి పోయింది. పసుపు పీలికలున్న వేర్ల దగ్గర మాత్రం మట్టి దిబ్బలు అలాగే ఉంచాం. చుట్టూ సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ; సందుల్లోంచి గాలి, నీరు కదులుతాయి. గోడ అంచు చుట్టుపక్కల లాన్ కంటే నాలుగంగుళాలు ఎత్తు, లాన్ నీళ్లు లోపలికి దొర్లకుండా. పల్లంలో పడిన వాన పోవడానికి కొమ్మల పరిధి దాటిన మూలలో ఆరడుగుల లోతు ఇంకుడు గుంత తీసి, కంకర నింపి, చిల్లుల పైపుతో కలిపాం. వరద వచ్చే రోజుకు చిన్న మోటారు దించేందుకు ఒక సిమెంటు వరల గొయ్యి కూడా పెట్టాం. మోటారు మాట కొడుకుదే, అది లేకపోతే ఆయన ఒప్పుకునేవారు కాదు. అదీ మంచిదే అయింది.

గోడ అవతల, కొమ్మల నీడ పడే మేర పోసిన మట్టి అలాగే ఉంది. అక్కడ బండి చక్రానికి నడిమి నుంచి అంచుకు ఉండే ఆకుల్లా ఆరు కందకాలు, ఒక్కొక్కటి అడుగు వెడల్పు, పదడుగుల పొడవు, పాత ఎర్ర నేల తగిలేదాకా తీశాం. వాటిని ముతక ఇసుక, ఎర్రమట్టి, చివికిన ఎరువు కలిపి నింపాం. కందకాల మధ్య మట్టి కదపలేదు, కొత్త వేర్లు ఉన్నది అక్కడే. కొమ్మల కింద గడ్డి తీసేసి ఎండాకులు పరిచాం, కాండానికి జానెడు దూరం ఖాళీ వదిలి.

ఆ శీతాకాలమంతా ఎరువు వేయలేదు, పచ్చి కొమ్మ కోయలేదు, నీళ్లు పెట్టలేదు. పూతకు ముందు మామిడికి బెట్ట, అంటే నీటి ఎద్దడి, కావాలి. మూడేళ్లుగా లాన్ నీళ్ల వల్ల ఈ చెట్టుకు బెట్ట అన్నదే లేదు. ఏమీ చేయకుండా ఉన్నందుకు డబ్బు తీసుకోవడం నాకు కష్టంగా ఉండేది, వారికి చెప్పాను కూడా. మొదటి ఏడాది ఎరువులకు, మందులకు తీసుకున్న సొమ్ము రాతిగోడ కూలీలో తగ్గించుకున్నాను.

ఫలితం

2025 జనవరి నెలాఖరులో దక్షిణం వైపు మూడు కొమ్మలకు పూత వచ్చింది. అమ్మగారు ఫోనులో చెప్పినప్పుడు ఆమె గొంతులో సంతోషం ఇప్పటికీ గుర్తుంది. వెంటనే నేను చెప్పిన మాట ఆమెకు నచ్చలేదు: పిందె కట్టగానే తీసేయాలి అన్నాను. కాయకు పోయే శక్తి ఈ ఏడాది వేరుకు పోవాలి. చాలాసేపు మాట్లాడుకున్నాక ఉగాది పచ్చడికి సరిపడా పిందెలు ఉంచి మిగతావి నేనే తుంపేశాను.

ఏప్రిల్, మే నెలల్లో పదిహేను రోజులకోసారి, కందకాల్లో మాత్రమే నీళ్లు పెట్టాం. జూన్‌లో లోపలి పెద్ద కొమ్మల మీద రాగి రంగు చిగురు వచ్చింది. ఆకు పాత సైజుకు చేరింది, ఈనెల మధ్య పసుపు లేదు, ఎక్కడా పిచికారీ చేయలేదు. ఒక కందకం పక్కన కొద్దిగా తవ్వి చూస్తే ఎర్ర నేలలో తెల్లటి వేరు మొనలు కనిపించాయి. నా ఉద్దేశంలో ఆకుకంటే అదే నమ్మదగిన సాక్ష్యం.

ఉత్తరం కొమ్మ మాత్రం పూర్తిగా ఎండిపోయింది. కాండంలో పోయిన మూడో వంతు దాని కిందిదే. జులైలో తాళ్లు కట్టి, మూడు ముక్కలుగా దించి కోశాం. చెట్టు ఆకారం ఒక పక్కకు వాలినట్టు ఉంది. ఆ పక్క కాండం పుచ్చకుండా ఏటా చూసుకోవాలి, గాలివానల ముందు బరువు సరిచూడాలి. పూర్తిగా కోలుకుంది అని నేను ఎవరికీ చెప్పను.

నా పని తీరులో మారినవి

ఇప్పుడు ఏ చెట్టు దగ్గరికి పిలిచినా ముందు తల పైకెత్తను. మొదలు నేలలోకి ఎలా దిగుతోందో చూస్తాను. విప్పారకుండా తిన్నగా దిగితే, మాట్లాడే ముందే బొరిగెతో ఒక పక్క తవ్వుతాను. పావుగంట పని. ఆ తరువాత ఇంటివారిని అడిగేది తెగులు గురించి కాదు: గత అయిదేళ్లలో ఈ ఆవరణలో ఏమి మారింది? మట్టి పోశారా, టైల్స్ వేశారా, బోరు వేశారా, గోడ కట్టారా, లాన్ పెట్టారా? వయసైనవారిని తప్పకుండా అడుగుతాను. పాత ఫోటోలు ఉంటే చూపించమంటాను. మెట్లు ఎన్ని కనిపిస్తున్నాయి, పాత తులసికోట ఎంత ఎత్తుంది, గేటు అడుగు ఎక్కడికి తగులుతోంది, ఇవన్నీ పాత నేల మట్టాన్ని చెబుతాయి.

చెట్టులో ఒక పక్క మాత్రమే ఎండుతుంటే ఆ పక్క మొదలు, ఆ పక్క వేరు ముందు చూస్తాను. ఆకు మీద కొట్టిన మందుకు పచ్చబడి, కొత్త ఆకు మళ్లీ పసుపైతే ఇంకో మందు కలపను.

ఈ కేసు తరువాత నేను చూసుకునే ఇళ్లన్నీ మళ్లీ తిరిగాను. అయిదు చెట్ల మొదళ్లు పూడిపోయి దొరికాయి: రెండు సపోటాలు, ఒక పనస, ఒక సంపెంగ, ఒక వేప. వేప, ఒక సపోటా బాగానే ఉన్నాయి. మట్టి పోసింది జానెడే, అదీ గుల్లగా ఉండే మొరం మట్టి. పనస పైకి బాగున్నా బెరడు మెత్తబడుతోంది, సమయానికి తెరిచాం. సంపెంగది వేరే కథ: దాన్ని ఎవరూ పూడ్చలేదు, నాటినప్పుడే లోతుగా నాటారు. నాటింది నేనే. సంచిలో ఉన్న మట్టం కంటే ఒక్క అంగుళం కూడా కిందికి పోకుండా నాటమని ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకు మొదటి రోజే నేర్పుతున్నాను.

వరద భయంతో ఆవరణ ఎత్తు చేయాలనుకునే ఇళ్లవారికి ఒక మాట. ట్రాక్టరు రాకముందే చెట్టు చుట్టూ రాతి గోడ, నీరు పోయే దారి పెట్టించండి. ఈ ఇంట్లో తరువాత అయిన ఖర్చులో సగం కూడా కాదు, వేర్లకు దెబ్బ తగలదు. గోడ కాండానికి ఆనుకుని కాకుండా వీలైనంత దూరంగా ఉండాలి. పోసే మట్టి నల్లమట్టి కాకూడదు, అందులో సిమెంటు ముక్కలు ఉండకూడదు.

కాండాన్ని చుట్టుకున్న రెండు వేర్లలో ఒకదాన్ని ఈ నవంబరులో కోయాలి. రెండోదాన్ని వచ్చే ఏడాది కాపు చూశాక. బట్టలుతికే బండ రాతిగోడ లోపలే పడింది. చుట్టూ మట్టి తీసేసరికి మళ్లీ మోకాళ్ల ఎత్తుకు వచ్చింది, దాన్ని కదపవద్దని అమ్మగారు మేస్త్రీకి ముందే చెప్పారు.